ఆవిడ లాకరు తెరిచిన మర్నాడు

"మీ అమ్మ ఎప్పుడొస్తానంది?" అని అడిగారు బ్యాంకు సారు.

కూతురు వంటింటి గట్టు మీద కూర్చుని కాలేజీ పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. ఆయన మళ్ళీ అడిగారు.

"వస్తానని చెప్పి వెళ్ళేవాళ్ళు నగలు తీసుకుని వెళ్తారా నాన్నా" అని, ఎర్ర పెన్నుతో ఎవరి ఖర్మకో సున్నా చుట్టింది.

సారు గుమ్మంలోనే నిలబడిపోయారు. కాళ్ళకి బూట్లు కూడా విప్పలేదు. రాజధానిలో శాసనసభ నడుస్తోంది. తెల్లవారకముందే అక్కడ బయల్దేరి ఇప్పుడే కారు దిగారు. ఎమ్మెల్యే అయి ఏడాది దాటినా ఊళ్ళో అందరూ ఆయన్ని ఇంకా బ్యాంకు సారనే అంటారు. అనరా మరి? ఈ ఊరి సహకార బ్యాంకులో గుమాస్తాగా చేరి, మేనేజరు కుర్చీ దాకా వెళ్ళి, ఆ కుర్చీలోంచి లేచి ఎన్నికల్లో నిలబడ్డ మనిషి. డబ్బు దాచమని ఇచ్చినట్టే జనం ఓటు కూడా దాచమని ఆయన చేతిలో పెట్టారు, అంతే.

అలాంటాయన భార్య నిన్న మధ్యాహ్నం ఇల్లు వదిలి తన అక్క ఇంటికి వెళ్ళిపోయింది. ఆ కబురు ఆయనకి ఫోన్లో చెప్పింది భార్య కాదు, కూతురూ కాదు. పి.ఏ. చెప్పాడు. అదీ రోడ్డు కాంట్రాక్టు సంగతికీ, కొత్త స్కూలు ప్రారంభోత్సవానికీ మధ్యలో చెప్పాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

"నేనేం చేశానే?" అన్నారు సారు. ఆ అడగడంలో కోపం లేదు, నిజంగానే తెలీదు పాపం. తెలియకపోవడమే ఆయన చేసిన తప్పని కూతురికి తెలుసు.

"మొన్న పొద్దున వరండాలో అర్జీల లైన్లో ఎవరెవరు నిలబడ్డారు?"

ఆయన గుర్తు చేసుకున్నారు. కుళాయి గురించి వచ్చినవాళ్ళు, బదిలీ కావాలన్న టీచరు, కాలు విరిగిన లారీ డ్రైవరు. అందరి గోడూ ఆయనకి గుర్తుంది. బ్యాంకులో పని చేసిన జ్ఞాపకం, ఊరికే పోతుందా.

"లారీ డ్రైవరు వెనకాల?"

ఆయనకి తట్టలేదు.

"అమ్మ" అంది కూతురు.

జరిగింది ఇదీ. ఆవిడ మొగుడితో ఒక మాట మాట్లాడాలని వారం నుంచి చూస్తోంది. పొద్దున జనం, మధ్యాహ్నం మీటింగు, సాయంత్రం ఇంకో ఊరు. అన్నం తింటున్నప్పుడు అడుగుదామంటే చెవి దగ్గర ఫోను. చివరికి పి.ఏ.ని అడిగితే వాడు వినయంగా డైరీ తెరిచి, వచ్చే వారం సారుకి కాస్త ఖాళీ ఉంది మేడం, రాసిపెట్టనా అన్నాడట. ఆవిడకి నవ్వొచ్చింది, ఒళ్ళు మండింది కూడా. ఏమనుకుందో ఏమో, మొన్న పొద్దున శాలువా కప్పుకుని వెళ్ళి జనంతోపాటు లైన్లో నిలబడింది. తను కనపడగానే ఆయన ఉలిక్కిపడతారని, నవ్వేస్తారని, లేచి లోపలికి వస్తారని అనుకుంది. ఏ పెళ్ళామైనా అలాగే అనుకుంటుంది.

ఆవిడ వంతు వచ్చింది. సారు తలెత్తలేదు. లారీ డ్రైవరు కాగితం మీద సంతకం పెడుతూనే, "చెప్పండమ్మా, ఏం పని మీద వచ్చారు?" అన్నారు.

ఆవిడ "ఏం లేదండీ" అంది.

"సరేనమ్మా, చూద్దాం, వెళ్ళిరండి" అన్నారు.

ఆవిడ వెళ్ళింది. ఆయన ఆ రాత్రే రాజధానికని హడావిడిగా కారెక్కారు. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ బట్టలు సర్దుకుంది.

కూతురు ఇదంతా చెప్పి పేపర్లు పక్కన పెట్టింది. సారు గుమ్మానికి ఆనుకున్నారు.

"నాకు గుర్తులేదే" అన్నారు.

"తెలుసు నాన్నా. గుర్తుంటే గొడవే లేదు."

ఏం అడగాలని వచ్చిందని ఆయన అడిగారు. నాతో చెప్పలేదు, నీతో చెప్పాలనుకుంది అంది కూతురు. ఇప్పుడే వెళ్ళి తీసుకొస్తానని ఆయన వెనక్కి తిరిగారు. నిజంగానే తిరిగారు, మనం కాదనకూడదు. కానీ ఆయన జేబులో ఆ ఫోను ఉంది చూశారూ, దానికి సమయం సందర్భం ఉండదు.

ఫోను చేసింది బ్యాంకు కొత్త మేనేజరు. ఒకప్పుడు సారు కిందే పనిచేసినవాడు. బ్యాంకు తలుపులు తెరవకముందే ముందు వీధి నిండిపోయిందట. అందరూ డబ్బు తీసుకోవడానికే వచ్చారట. ఒక్కరు వెయ్యడానికి వస్తే ఒట్టు.

ఎందుకంటే, నిన్న మేడం బ్యాంకుకి వచ్చి లాకరు తెరిచారు. నగలన్నీ సంచీలో వేసుకున్నారు. పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్ళారు. అంతే. సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట. బ్యాంకు మునుగుతోంది, ఎమ్మెల్యేకి ముందే తెలిసింది, పెళ్ళాం నగలు గుట్టుగా తీయించేశాడు, ఆవిడ పాపం మంచి మనిషి కాబట్టి మనల్ని తలుచుకుని ఏడ్చింది అని.

కన్నీళ్ళకి కూడా ఊరు లెక్క సరిపెట్టుకుంది, చూడండి.

ఇది విని కూతురు పగలబడి నవ్వింది. మరుక్షణం ఆ నవ్వు ఆగిపోయింది. "అమ్మ నగలు అమ్మ తెచ్చుకుంటే, అందులో కూడా మీ ఊరికి నువ్వే కనపడ్డావు నాన్నా" అంది.

సారు అప్పటికే వరండా దాటారు. కారు ఆవిడ అక్క ఇంటి వైపు తిరగలేదు. బ్యాంకు వైపు తిరిగింది.

నిజానికి ఆ బ్యాంకుకి ఏ జబ్బూ లేదు. కానీ ఎంత గట్టి బ్యాంకైనా ఊరంతా ఒకే పొద్దున వచ్చి చెయ్యి చాస్తే తట్టుకోలేదు. జనం దాచుకున్నది ఇనప్పెట్టెలో కూర్చుని ఉండదు కదా. ఒకరి ఇంటి గోడల్లో ఉంటుంది, ఒకరి దుకాణంలో సరుకై ఉంటుంది, ఒకరి పిల్లాడి చదువులో ఉంటుంది. అవన్నీ పీకి ఇవాళే తెమ్మంటే ఎక్కణ్ణుంచి తెస్తారు? పై ఆఫీసు నుంచి డబ్బు రేపు పొద్దుటికి గానీ రాదు. ఈ ఒక్క రోజు గడవాలి. గడవకపోతే సారు జీవితమంతా ఇటుక మీద ఇటుక పేర్చి కట్టింది సాయంత్రానికి కూలుతుంది. దాని కింద పడి నలిగేది కూడా ఈ జనమే.

వెనకటికి ఇలాంటి పుకారు పుట్టినప్పుడల్లా సారు ఒకటే పని చేసేవారు. తన కుర్చీ మోయించుకొచ్చి బ్యాంకు మెట్ల పక్కన వేయించుకునేవారు. టీ తెప్పించుకుని, కాలు మీద కాలేసుకుని పేపరు చదువుకునేవారు. ఆయన అంత తీరిగ్గా ఆవులిస్తుంటే జనానికి సిగ్గేసేది. మధ్యాహ్నానికి ఎవరి దారిన వాళ్ళు పోయేవారు. మందు అదే, వైద్యుడూ ఆయనే. ఇవాళ కూడా అదే పని చేశారు.

ఒక్క సంగతి మర్చిపోయారు. అప్పుడు ఆయన మేనేజరు. ఇప్పుడు ఎమ్మెల్యే.

కుర్చీ వేశారు. వెనకాల తుపాకీ పట్టుకుని గన్‌మన్ నిలబడ్డాడు. పక్కన ఇంజను ఆపని కారు. కోడిగుడ్ల కొట్టావిడ లైన్లోంచి మెడ చాచి చూసి, పారిపోవడానికి బండి సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడమ్మా అంది. ఆ మాట సారు చెవిన పడింది. కారుని ఇంటికి పంపేయమన్నారు. అదిగో, ఇంట్లో ఉన్నది సర్దుకురావడానికి పంపాడు అన్నారు ఇంకెవరో. గన్‌మన్‌ని లోపలికి వెళ్ళమన్నారు. ఇనప్పెట్టెకి కాపలా పెట్టాడు, మన చేతికి ఇంకేం రాదు అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన ఎటు కదిలినా అదే తప్పయింది. పేపరు తిరగేసి పట్టుకున్నారని కూడా ఎవరో కనిపెట్టారు.

లైను వీధి చివరి మలుపు దాటింది.

సారు లోపలికి వెళ్ళారు. మేనేజరు మొహం తుడుచుకుంటూ ఒక ఉపాయం చెప్పాడు. మేడం ఆ నగలు తెచ్చి అందరి ముందూ మళ్ళీ లాకర్లో పెడితే చాలు సార్, జనం వెళ్ళిపోతారు అన్నాడు. పి.ఏ. చిటికె వేసి, నేను చెబుదామనుకున్నదీ అదే అన్నాడు. వాడెప్పుడూ అంతే.

భార్యని తీసుకురావడానికి ఇందాకే వెళ్ళవలసిన మనిషి, నగలు తీసుకురావడానికి ఇప్పుడు బయల్దేరారు. ఆ తేడా ఆయనకీ తెలుస్తూనే ఉంది. దారిపొడుగునా మెడ దగ్గర గుండీ విప్పుతూ, పెట్టుకుంటూ నడిచారు.

ఆవిడ అక్కది కుట్టుపని. ముందు గదిలో దుకాణం, వెనక గదిలో కాపురం, మధ్యలో ఒక తెర. సారు వెళ్ళేసరికి వదినగారు పొడుగు బల్ల మీద గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తున్నారు. కూర్చోమనలేదు. తెర వెనకాల మిషను ఆగకుండా తిరుగుతోంది. కుడుతున్నది ఎవరో ఆయనకి చెప్పక్కర్లేదు.

సారు నిలబడే చెప్పారు. బ్యాంకు దగ్గర పరిస్థితి చెప్పారు, జనం భయం చెప్పారు. సాయంత్రం లోపల ఏమైనా కావచ్చన్నారు. వదినగారికి చెబుతున్నట్టు మొదలుపెట్టి, తెరకి చెబుతున్నట్టు ముగించారు. ఒక్క గంట పని, వచ్చి నగలు లాకర్లో పెట్టి వెళ్ళిపోతే చాలన్నారు.

వదినగారు కత్తెర కింద పెట్టారు. ఎదుటివాళ్ళు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం ఆవిడ.

"మరిదిగారూ, ఒకటి అడుగుతాను. మీరిప్పుడు మా చెల్లెలి కోసం వచ్చారా, నగల కోసం వచ్చారా?"

చెల్లెలి కోసమే అని చెప్పి ఉంటే సరిపోయేది. నిన్నటి వరకూ ఆయన అలాంటి మాటలు ఎన్ని వందలు చెప్పలేదు, వేదికల మీద! కానీ ఎందుకో నోరు రాలేదు.

"రెండింటికీ" అన్నారు.

మిషను ఆగింది.

ఆయన తెర వైపు చూశారు. తెర కదల్లేదు. దారం తెగిన చప్పుడు వినపడింది. కాసేపటికి మిషను మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.

"విన్నారుగా" అన్నారు వదినగారు, సుద్ద చేతిలోకి తీసుకుంటూ.

ఆయన తిరిగి వచ్చేసరికి బ్యాంకు ముందు పరిస్థితి మారిపోయింది. లైను లైనులా లేదు. వెనకవాళ్ళు ముందువాళ్ళని నెడుతున్నారు. ఎవరో ముసలాయన మెట్ల మీద పడితే లేవదీసి నీళ్ళు తాగిస్తున్నారు. కౌంటరు దగ్గర అద్దానికి అడ్డంగా పగులు పడింది. లోపల డబ్బు అడుగంటుతోందని మేనేజరు కళ్ళతోనే చెప్పాడు.

పి.ఏ. చెవి దగ్గరికి వచ్చాడు. మేడం ఏదో పెళ్ళికి వేసుకోవడానికి తీసుకెళ్ళారని చెప్పేయండి సార్ అన్నాడు. ఎవరి పెళ్ళిరా అన్నారు సారు. ఎవరిదో ఒకరిది సార్ అన్నాడు వాడు. ఈ ఊళ్ళో ఎవరికి సంబంధం కుదిరినా ముందు తెలిసేది ఆ లైన్లో ఉన్న ఆడవాళ్ళకే. ఆ అబద్ధం రెండు మెట్లు కూడా దిగదు.

ఇక మిగిలింది ఒకటే మాట. అది చెప్పాలంటే ప్రాణం మీదికి వస్తోంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. పైగా ఇవాళో రేపో మంత్రి పదవులు పంచబోతున్నారు. పార్టీలో అందరూ పెద్దాయన అని పిలిచే నాయకుడు, నీ పేరు నా మనసులో ఉందయ్యా అని పోయిన వారమే భుజం తట్టి చెప్పారు. పెళ్ళాం వదిలేసి పోయిందని నడివీధిలో చాటుకున్నవాడికి ఏ పెద్దాయన కుర్చీ వేస్తాడు?

ఆయన గుంపు వైపు చూశారు. ఆ మొహాలన్నీ ఆయనకి తెలుసు. పిల్ల చదువుకని నెలనెలా వేసే కోడిగుడ్ల కొట్టావిడ. పెన్షను మొత్తం ఇక్కడే దాచుకున్న పాత పోస్ట్‌మాన్. చెప్పుల దుకాణం, మందుల షాపు, బస్సు కండక్టరు. వీళ్ళలో ఏ ఒక్కరి మొహమూ చూడకుండా ఆయన ఎప్పుడూ సంతకం పెట్టలేదు. చూడనిది ఆవిడ మొహం ఒక్కటే.

సారు కుర్చీ ఎక్కి నిలబడ్డారు. గన్‌మన్ పట్టుకోబోతే వద్దన్నారు.

"మా ఆవిడ నన్ను వదిలేసి వెళ్ళిపోయింది" అన్నారు.

ముందు వరసలో నోళ్ళు మూతపడ్డాయి. వెనకవాళ్ళు ఏంటంట, ఏంటంట అని అడిగి తెలుసుకున్నారు.

"మొన్న అర్జీల లైన్లో నిలబడింది. మీరు నిలబడతారు చూడండి, అలాగే. నేను తలెత్తలేదు. ఏం పని మీద వచ్చారమ్మా అని అడిగాను, నా పెళ్ళాన్ని. అందుకని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ తన నగలు తను తీసుకుంది. ఆవిడకి నమ్మకం పోయింది బ్యాంకు మీద కాదు. నా మీద."

ఆ పైన ఇంకేదో చెప్పబోయారు. మానుకుని కుర్చీ దిగారు.

మగవాళ్ళు నేల చూపులు చూశారు. ఆడవాళ్ళు మాత్రం తిన్నగా ఆయన మొహంలోకే చూశారు, ఎక్కడా దయ లేకుండా. చివరికి కోడిగుడ్ల కొట్టావిడ, ఆ మాట పొద్దున్నే చెప్పి ఏడవచ్చుగా, నిలబడి నిలబడి కాళ్ళు పడిపోయాయి అని సంచీ భుజాన వేసుకుంది. ఎవరో నవ్వారు. లైను మెల్లగా సడలింది. కొందరు వెళ్ళిపోయారు. ఇంకొందరు నీడలో చేరి, సంసారాల గురించి మాట్లాడుకోసాగారు. పోస్ట్‌మాన్ మాత్రం కదల్లేదు. ఇంటింటికీ ఉత్తరాలు పంచి పంచి, మనుషులు ఎన్ని రకాలుగా అబద్ధాలు రాసుకుంటారో చూసిన మనిషి ఆయన.

అప్పుడు వచ్చింది ఆవిడ. పక్కన కూతురు. చేతిలో అదే సంచీ.

సారు కుర్చీ మీద మాట్లాడుతున్నంతసేపూ కూతురు గుంపులో నిలబడి ఫోను పైకెత్తి పట్టుకుందట. ఆ మాటలు కుట్టు మిషను పక్కన వినపడ్డాయట. ఈసారి మిషను ఆగి, మళ్ళీ తిరగలేదు.

జనం దారి ఇచ్చారు. ఆవిడ ఎవరి వంకా చూడకుండా లోపలికి వెళ్ళి, నగలు లాకర్లో పెట్టి, తాళం వేయించి, ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుంది. ఆ తర్వాత మేనేజరు గదిలోకి వచ్చింది. సారు అక్కడే ఉన్నారు. ఒకప్పుడు ఆయనదే ఆ గది. మేనేజరు మర్యాద తెలిసినవాడు, ఏదో పనున్నట్టు బయటికి వెళ్ళాడు.

గది అద్దంలోంచి బయట నిలబడ్డవాళ్ళు కనపడుతున్నారు. వాళ్ళకీ వీళ్ళిద్దరూ కనపడుతున్నారు.

"కూర్చో" అన్నారు ఆయన.

ఆవిడ కూర్చుంది. అప్పులకి వచ్చేవాళ్ళు కూర్చునే కుర్చీ అది. ఆయన బల్ల అవతల కూర్చోలేదు. ఇటు వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నారు. అది ఆవిడ గమనించింది.

"ఏం అడుగుదామని నిలబడ్డావు ఆ రోజు?"

ఆవిడ సంచీ మడత విప్పి మళ్ళీ మడిచింది. ఏడుపు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

"కంటికి ఆపరేషను చెయ్యాలన్నారు. పెద్దదేం కాదంట. ఆ రోజు కంటికి కట్టు కట్టి పంపిస్తారంట. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకురావడానికి ఒకళ్ళు కావాలన్నారు. మీరొస్తారేమో అడుగుదామని."

ఇంతేనా అని కూడా అనలేకపోయారు. ఇంతే కాబట్టే ఆయనకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నేనొస్తాను" అన్నారు.

"ఏ రోజో చెప్పలేదుగా నేను."

"ఏ రోజైనా వస్తాను."

ఆవిడ మొదటిసారి ఆయన మొహంలోకి చూసింది. నమ్మాలని ఉంది ఆవిడకి. ఎన్నేళ్ళ కాపురం, నమ్మాలని ఉండదా? రాత్రికి మీకు తినడానికి ఏమైనా ఉందా ఇంట్లో అని అడిగింది. ఏమీ లేదన్నారాయన. అక్కతో చెప్పి వస్తాలే అని ఆవిడ లేవబోయింది. ఆ మాటకి సారుకి కళ్ళు చెమ్మగిల్లాయి.

ఫోను మోగింది.

పెద్దాయన. మోగనిస్తే మోగుతుంది, కానీ ఆ పేరు చూడగానే చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది.

పెద్దాయన గొంతు గదంతా వినపడుతుంది, ఆయన ఫోనులో మాట్లాడినా సభలో మాట్లాడినా ఒకటే. పగలబడి నవ్వుతున్నారు. వార్త రాజధాని చేరిపోయింది. ఏం బుర్రయ్యా నీది, పెళ్ళాం అలిగిందని చెప్పి బ్యాంకు నిలబెట్టావంట, నలభై ఏళ్ళుగా రాజకీయం చేస్తున్నాను, నాకే తట్టేది కాదు అన్నారు. అని, నవ్వు ఆపారు.

"నాటకమే కదూ? నిజంగా ఇంట్లో గొడవలేం లేవు కదా? రేపు జాబితా ఖాయం చేస్తున్నాం. ఇల్లు చక్కదిద్దుకోలేనివాడికి శాఖ ఇచ్చారని నన్ను పేపర్లవాళ్ళు పీక్కు తింటారు."

సారు భార్య వైపు చూశారు. ఆవిడ లేవబోయి ఆగిపోయింది. ఏం చెబుతారా అని చూస్తోంది. ఇంకేమీ లేదు ఆ చూపులో, ఊరికే చూస్తోంది.

"నాటకమేనండీ" అన్నారు సారు. అక్కడితో ఆగినా బాగుండేది. చిన్నగా నవ్వి, "మా ఆవిడ పక్కనే ఉంది. తనూ బాగా చేసింది" అన్నారు.

ఫోను పెట్టేసి గబగబా చెప్పుకొచ్చారు. ఆయనతో అలా అనక తప్పదు, ఊరికే ఒక మాట, నీకు తెలీదా, ఈ జాబితా ఒక్కటి అయిపోనీ అన్నారు. ఆవిడ వింది. అంతా వింది. సంచీ చంకలో పెట్టుకుని తలుపు తీసుకుని బయటికి నడిచింది.

బయట అప్పటికే ఇంకో నిప్పు రాజుకుంది. మన పి.ఏ. ఉన్నాడు కదా, తన సారు పరువు కాపాడదామని మనిషి మనిషి దగ్గరికీ వెళ్ళి, ఇంట్లో గొడవా లేదు ఏమీ లేదు, అంతా సారు వేసిన ఎత్తు, మిమ్మల్ని శాంతపరచడానికి అలా చెప్పారంతే అని గుసగుసలాడుతున్నాడు. దానికి తోడు అద్దంలోంచి సారు ఫోనులో నవ్వడం, భార్య పక్కనే కూర్చుని ఉండడం అందరూ చూశారు. పోస్ట్‌మాన్ లెక్క కట్టి చెప్పాడు. గొడవే లేకపోతే నిన్న నగలు ఎందుకు తీసినట్టు? మన కళ్ళ ముందు ఇవాళ తెచ్చి పెట్టింది మనకి చూపించడానికే. అంటే బ్యాంకు మునుగుతున్నట్టే అన్నాడు. నీడలో ఉన్నవాళ్ళు లేచారు. వెళ్ళిపోయినవాళ్ళని పిలవడానికి ఎవరో పరిగెత్తారు. కోడిగుడ్ల కొట్టావిడ మళ్ళీ మెట్టెక్కింది.

వాళ్ళందరి మధ్యలోకి వచ్చింది ఆవిడ.

పోస్ట్‌మాన్ అడ్డంగా నిలబడ్డాడు. కఠినంగా అడగలేదు.

"అమ్మా, మా బతుకంతా ఇందులోనే ఉంది. సారు చెప్పింది నిజమా, కథా? మీరొక్కరు చెప్పండి, నమ్ముతాం."

సారు గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆ క్షణంలో ఆయన ఏం కోరుకున్నారో ఆయనకే తెలియదు. కథే అని ఆవిడ అంటే ఆయన పరువు దక్కుతుంది, బ్యాంకు పోతుంది. నిజమని అంటే బ్యాంకు దక్కుతుంది.

ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.

"నిజమే" అంది. "నిన్న వెళ్ళిపోయాను. ఇవాళ వద్దామనుకున్నాను గానీ, రావట్లేదు. మా అక్క దగ్గరే ఉంటాను."

"మరి నగలు?" అంది కోడిగుడ్ల కొట్టావిడ.

"అవి ఇక్కడే ఉంటాయి. ఈ బ్యాంకుకేం భయం లేదు. రాత్రీ పగలూ కూర్చుని కట్టారు, నేను చూశాను."

ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి. ఈసారి తుడుచుకోలేదు. ఆ నీళ్ళు చూశాకే జనానికి పూర్తిగా నమ్మకం కలిగింది. పోస్ట్‌మాన్ అడ్డం తప్పుకుని చేతులు జోడించాడు. ఆవిడ మెట్లు దిగి, కూతురి చెయ్యి పట్టుకుని వీధి మలుపు తిరిగింది.

"హమ్మయ్య" అంది కోడిగుడ్ల కొట్టావిడ.

ఆ మాట ఒకరి నుంచి ఒకరికి వీధి చివరి దాకా పాకింది. ఊరంతా గుండెల మీద చెయ్యి వేసుకుని హమ్మయ్య అనుకుంది. సారు గుమ్మంలో నిలబడి అదంతా విన్నారు.